99 శాతం వెనకున్న మొహమాటం

“వస్తువు చివరికి అందింది. థాంక్స్.”

ఆన్‌లైన్ వేలం సైటులో ఏ అమ్మకందారు ప్రొఫైల్ తెరిచి కామెంట్లు చదువుతూ పోయినా ఇలాంటిది ఎక్కడో ఒకచోట తగులుతుంది. పక్కనే ఆకుపచ్చ రంగులో ప్లస్ గుర్తు. అంటే మంచి రేటింగే, స్కోరులో ఒక పాయింటు కలిసింది. దాని పైనే ఇంకొకరు “ఫొటోలో కన్నా బాగుంది, ఇంత జాగ్రత్తగా ప్యాక్ చేసి పంపినవాళ్ళని ఇంతవరకు చూడలేదు” అని రాసి ఉంటారు. అదీ ఒక పాయింటే. లెక్క కట్టే కంప్యూటరుకు ఈ రెండింటికీ తేడా లేదు. చదివే మనిషికి మాత్రం ‘చివరికి’ అన్న ఒక్క మాట చాలు. ఆ పార్సిల్ కోసం అవతలి మనిషి ఎన్ని రోజులు గుమ్మం వైపు చూశాడో, ఎన్నిసార్లు అడిగాడో, అడగలేక ఎన్నిసార్లు ఊరుకున్నాడో అందులోనే ఉంది.

అలా రాసిన మనిషి అబద్ధం చెప్పలేదు. మొహమాటపడి నిజంలో సగం మింగేశాడు, అంతే. ఆన్‌లైన్ వేలాల్లో నమ్మకం కోసం ముప్పై ఏళ్ళుగా జరుగుతున్న కసరత్తులో పెద్ద భాగం ఈ మొహమాటంతో కుస్తీయే.

ఇలాంటి వేలం సైట్లలో పేరుపడ్డ ఈబే అసలు పేరు ఆక్షన్‌వెబ్. పియర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామర్ 1995 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని శాన్ హొసేలో దాన్ని మొదలుపెట్టాడు. అందులో మొట్టమొదట అమ్ముడుపోయింది ఒక పాడైపోయిన లేజర్ పాయింటర్. పాట 14.83 డాలర్ల దగ్గర ఆగింది. అది పనిచేయదని తెలిసే కొంటున్నారా అని ఒమిడ్యార్ అడిగితే, పాడైన లేజర్ పాయింటర్లు సేకరించడం తన సరదా అని కొన్నాయన చెప్పాడట. అందరూ నవ్వుకుంటూ చెప్పే కథే ఇది. కానీ ఇందులో గమనించాల్సింది వేరే ఉంది. వస్తువు ఎలాంటిదో అమ్మినవాడికి ఎంత తెలుసో కొన్నవాడికీ అంతే తెలుసు. ఆ తర్వాత జరిగిన కోట్లాది లావాదేవీల్లో ఈ సౌఖ్యం దాదాపు ఎవరికీ దక్కలేదు.

మామూలుగా వస్తువులోని లోపం అమ్మేవాడికి తెలుస్తుంది, కొనేవాడికి తెలియదు. ఈ తేడా ఒక్కటే ఒక మార్కెట్‌ను ఎలా కూల్చేయగలదో ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్లను ఉదాహరణగా తీసుకుని చూపించాడు. మంచిదేదో చెడ్డదేదో తెలియనప్పుడు కొనేవాడు ఎందుకైనా మంచిదని తక్కువ ధరే చెబుతాడు. ఆ ధర గిట్టక మంచి బండి ఉన్నవాడు ఇంటికి తీసుకుపోతాడు. చివరికి సంతలో మిగిలేవి డొక్కు బండ్లే. అకర్లాఫ్‌కు 2001లో నోబెల్ బహుమతి వచ్చింది ప్రధానంగా ఈ ఆలోచనకే.

వేలం దీనికి మరో మెలిక జోడిస్తుంది. పాత వస్తువుకు ఇంకొకటి సరిగ్గా అలాంటిది ఉండదు కాబట్టి పోల్చి చూడటానికి వీలుండదు. పైగా పాట దక్కిందంటేనే ఆ వస్తువు మీద మిగతా అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఆ మనిషేనని అర్థం. పెట్టె విప్పాక ఉసూరుమనే అవకాశం ఎక్కువున్నదీ ఆ మనిషికే. ఇవన్నీ ఒక ఎత్తు, ముందు ఎవరు చెయ్యి చాపాలన్నది మరో ఎత్తు. ఆ రోజుల్లో పాట గెలిచినవాడు చెక్కు రాసి ముక్కూ మొహం తెలియని మనిషికి పోస్టులో పంపేవాడు. అది చేరాక వస్తువు బయల్దేరేది, బయల్దేరితే.

సహజంగానే తగాదాలు వచ్చాయి. అవన్నీ ఈమెయిళ్ళుగా ఒమిడ్యార్ మీదే పడ్డాయి. పంచాయితీ చెప్పే ఓపిక, తీరిక రెండూ ఆయనకు లేవు. 1996 ఫిబ్రవరిలో ఆయన ఒక బోర్డు పెట్టాడు. ఎవరితో వ్యవహారం ఎలా జరిగిందో మీలో మీరే అందరికీ కనబడేలా రాసుకోండి అన్నాడు. బాగుంటే ప్లస్ ఒకటి, బాగాలేకపోతే మైనస్ ఒకటి, మధ్యస్థంగా ఉంటే సున్నా. మొత్తం కూడితే వచ్చేదే స్కోరు. 10 పాయింట్లు చేరితే పేరు పక్కన పసుపు నక్షత్రం వెలిగేది. మైనస్ 4కి పడిపోయినవాళ్ళని సైటు నుంచి పంపించేసేవారు. మొదట్లో ఎవరి మీద ఎవరైనా రాయవచ్చు, కొనకపోయినా అమ్మకపోయినా సరే. దానితో స్నేహితులు పొగుడుకోవడం, పగవాళ్ళు తిట్టుకోవడం మొదలయ్యాక, లావాదేవీ జరిగినవాళ్ళే రాయాలన్న నియమం తెచ్చారు.

ఇంత తేలికైన ఏర్పాటు పనిచేసిందా? చేసింది, కొంతమేరకు. దీన్ని తేల్చడానికి పాల్ రెస్నిక్, రిచర్డ్ జెక్‌హౌజర్ అనే పరిశోధకులు మరో ఇద్దరితో కలిసి ఒక ముచ్చటైన ప్రయోగం చేశారు. మంచి పేరున్న ఒక పాత పోస్ట్‌కార్డుల వ్యాపారిని పట్టుకున్నారు. ఒకదానికొకటి సరిజోడుగా ఉండే కార్డులు విడదీసి, కొన్ని ఆయన అసలు ఖాతా నుంచి, కొన్ని అప్పుడే పుట్టించిన కొత్త ఖాతాల నుంచి వేలానికి పెట్టారు. అమ్మే మనిషి ఒకడే, సరుకు ఒకటే, మారింది పేరు మాత్రమే. 2006లో అచ్చయిన ఫలితం ప్రకారం పాత పేరుకు కొనేవాళ్ళు 8.1 శాతం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారు. ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న మంచిపేరు విలువ అంతేనా అనిపిస్తుంది కానీ, వేల కొద్దీ కార్డులు అమ్మేవాడికి అది చిన్న తేడా కాదు. అదే ప్రయోగంలో ఇంకో వింత బయటపడింది. కొత్త ఖాతాలకు ఒకటి రెండు చెడ్డ రేటింగులున్నా ధరలో తేడా రాలేదు. కొత్తవాళ్ళనగానే జనం ముందే అంత తగ్గించి చూస్తున్నారన్నమాట.

అలా తగ్గించి చూడటంలో తర్కం ఉంది. ఇంటర్నెట్‌లో పేరు మార్చుకోవడానికి ఖర్చేమీ లేదు. పరువు పోయినవాడు మర్నాడు కొత్త పేరుతో రాగలడు కాబట్టి, కొత్తగా వచ్చిన ప్రతివాడూ అలా పారిపోయి వచ్చినవాడేమోనన్న అనుమానం తప్పదు. నిజాయితీగల కొత్తవాడు కూడా ఆ అనుమానాన్ని కొన్నాళ్ళు మోయాల్సిందే.

ఇక్కడిదాకా కథ సాఫీగానే ఉంది. చిక్కు అంకెల్లో కనబడుతుంది. 1999 నాటి ఈబే లావాదేవీలను రెస్నిక్, జెక్‌హౌజర్ లెక్క తీస్తే, కొనుగోలుదారులు ఇచ్చిన రేటింగుల్లో చెడ్డవి 0.6 శాతం మాత్రమే. తటస్థంగా ఇచ్చినవి అంతకన్నా తక్కువ. కంటితో చూడకుండా, చేత్తో తాకకుండా, అపరిచితుల దగ్గర పాత సామాను కొంటే నూటికి 99 మంది సంతోషించారా? ఎదురుగా నిలబడి బేరమాడి కొన్న వస్తువుల విషయంలో కూడా మనుషులకు అంత సంతృప్తి ఉండదు.

దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. ఒకాయన పాత ఫిల్మ్ కెమెరా ఒకటి పాడుకున్నాడనుకుందాం. “షట్టర్ పనిచేస్తోంది, లెన్సు శుభ్రంగా ఉంది” అని వివరణలో ఉంది. పార్సిల్ వచ్చింది. షట్టర్ నొక్కితే టక్కున పడింది, బాగుంది. లెన్సును కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే లోపల సాలెగూడు లాంటి సన్నని నూలుపోగులు. ఫంగస్. వెనక తలుపు తెరిస్తే వెలుతురు లోపలికి రాకుండా అంటించే నురుగు పట్టీలు కరిగి నల్లటి జిగురై వేళ్ళకు అంటుకున్నాయి. మోసమా? అమ్మినవాడికి కెమెరాల గురించి అంతగా తెలియకపోయి ఉండవచ్చు. అటక మీది సామాను సర్దుతుంటే దొరికింది అమ్మేసి ఉండవచ్చు. ‘శుభ్రంగా ఉంది’ అంటే బయట దుమ్ము లేదని ఆయన ఉద్దేశం కావచ్చు.

ఇప్పుడు రేటింగ్ ఇవ్వాలి. కొన్నాయనకు ఉన్నవి 12 పాయింట్లు, అన్నీ మంచివే. అమ్మినాయనకు 900. ఈయన మైనస్ ఇస్తే ఆయన కూడా తిరిగి మైనస్ ఇస్తాడు, అప్పట్లో ఆ వీలుండేది. ఆ దెబ్బకు మంచి రేటింగుల లెక్కలో అమ్మినాయన 100 నుంచి 99.9 శాతానికి దిగుతాడు, కొన్నాయన 92కి పడిపోతాడు. రేపు ఈయన ఇంకేదైనా అమ్మబోతే ఆ ఎర్ర గుర్తే అందరికీ ముందు కనిపిస్తుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? చాలామంది ఇక్కడే ఊరుకుంటారు. కొంతమంది “బాగుంది” అని రాసి ప్లస్ కూడా ఇచ్చేస్తారు, అవతలివాడూ ప్లస్ ఇస్తాడని.

అనుభవం ఉన్న అమ్మకందారులు ఈ భయాన్ని బాగా వాడుకున్నారు. డబ్బు అందిన క్షణానే కొనుగోలుదారు పని అయిపోయినట్టే, మంచి రేటింగ్ ఇచ్చేయవచ్చు. కానీ ఇచ్చేవారు కాదు. ముందు నువ్వివ్వు, దాన్ని బట్టి నేనిస్తాను అన్నట్టు కూర్చునేవారు. కడుపుమండిన కొనుగోలుదారులు మరో దారి కనిపెట్టారు. గడువు ముగిసే ఆఖరి నిమిషాల దాకా ఆగి, అవతలివాడికి తిరిగి కొట్టే సమయం లేకుండా మైనస్ వేసి వెళ్ళిపోవడం. వీటికి తోడు, ఇద్దరూ ఒప్పుకుంటే చెడ్డ రేటింగులు వెనక్కి తీసుకోవచ్చన్న సదుపాయం ఉండేది. దానితో తిరిగి మైనస్ కొట్టడం రాజీకి పిలిచే పద్ధతిగా మారింది. నువ్వు తీసెయ్, నేనూ తీసేస్తాను. ఆ అమ్మకందారు దగ్గర తర్వాత కొనబోయేవాడికి స్కోరులో ఈ తతంగమేదీ కనపడదు.

ఈబే ఈ ముడిని రెండు విడతల్లో విప్పబోయింది. 2007లో విడివిడి నక్షత్రాలు తెచ్చింది. వస్తువు చెప్పినట్టే ఉందా, మాట్లాడిన తీరు ఎలా ఉంది, ఎన్నాళ్ళకు పంపారు, రవాణా ఖర్చు న్యాయంగా ఉందా అన్న నాలుగింటికీ ఎవరెంత ఇచ్చారో అమ్మకందారుకు తెలియకుండా సగటు మాత్రమే చూపించింది. గ్యారీ బోల్టన్, బెన్ గ్రైనర్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే పరిశోధకులు ఈ మార్పు మీద ఈబేతో కలిసి పనిచేశారు. 2008 మేలో రెండో విడత వచ్చింది. అప్పటి నుంచి అమ్మకందారులు కొనుగోలుదారులకు చెడ్డ రేటింగ్ ఇవ్వడమే కుదరదు, ఇస్తే మంచిదే ఇవ్వాలి.

అమ్మకందారులు భగ్గుమన్నారు. ఆ ఏడాది జనవరి చివర్లో ఈ మార్పుల ప్రకటన రాగానే, ఫిబ్రవరిలో వారంపాటు కొత్త వేలాలు పెట్టకుండా బహిష్కరణ పిలుపు కూడా ఇచ్చారు. వాళ్ళ కోపంలో అర్థం లేకపోలేదు. పాట గెలిచి డబ్బు కట్టకుండా మాయమయ్యేవాళ్ళు, సగం డబ్బు వెనక్కివ్వకపోతే మైనస్ వేస్తానని బెదిరించేవాళ్ళు అవతల కూడా ఉన్నారు. అలా బెదిరించడం నిబంధనలకు విరుద్ధమే, కానీ బెదిరింపు ఎప్పుడూ అంత బాహాటంగా ఉండదు. “కొంచెం తగ్గించి ఇస్తే అందరం హ్యాపీ” అని మెసేజ్ వస్తే ఏ నియమం కింద ఫిర్యాదు చేస్తారు? మొత్తం మీద ఈబే సరైన పక్కే నిలబడిందనిపిస్తుంది. కొనుగోలుదారు డబ్బు కట్టాడా లేదా అన్నది సైటుకే తెలుస్తుంది, దానికి అమ్మకందారు సాక్ష్యం అక్కర్లేదు. లెన్సులో ఫంగస్ ఉందన్న సంగతి మాత్రం పెట్టె విప్పినవాడు చెబితే తప్ప ఎవరికీ తెలియదు.

ఇదే సమస్యకు వేరేవాళ్ళు వేరే మందు వేశారు. ఇళ్ళు, గదులు అద్దెకు ఇప్పించే సైటు ఎయిర్‌బీఎన్‌బీ 2014 నుంచి అతిథి, ఇంటి యజమాని రాసినవి ఇద్దరూ రాసేసిన తర్వాత గానీ, 14 రోజుల గడువు దాటాక గానీ చూపించడం లేదు. జపాన్‌లో పాత వస్తువులు అమ్మే మెర్కారిలో కూడా ఒకరి రేటింగ్ ఇంకొకరికి ఇద్దరిదీ పూర్తయ్యాకే తెలుస్తుంది. పైగా అప్పుడే అమ్మకందారుకు డబ్బు విడుదలవుతుంది. అవతలివాడు ఏం రాశాడో చూసి రాయడం కుదరనప్పుడు ప్రతీకార భయం సగం పోతుంది. మొహమాటం మాత్రం పోదు. దానికి భయంతో పనిలేదు.

పోలేదనడానికి ఆ తర్వాతి అంకెలే గుర్తు. అమ్మకందారులు తిరిగి కొట్టే వీలు పోయిన కొన్నేళ్ళకు క్రిస్ నాస్కో, స్టీవెన్ టాడెలిస్ అనే ఆర్థికవేత్తలు ఈబే లోపలి డేటా చూశారు. అమ్మకందారుల సగటు 99 శాతం పైనే, సరిగ్గా మధ్యలో నిలిచినవాడికి 100. అందరికీ నూటికి నూరు వచ్చే పరీక్షలో ర్యాంకులు ఎలా ఇస్తారు? అలాంటి చోట 98 శాతం వచ్చినవాడు చూడటానికి డిస్టింక్షన్ విద్యార్థి, నిజానికి వెనక బెంచీలో కూర్చున్నవాడు. మొదటిసారి కొనడానికి వచ్చినవాడికి ఈ సంగతి తెలియదు.

వాళ్ళు చేసిన తెలివైన పని మాట్లాడనివాళ్ళను లెక్కపెట్టడం. ఇద్దరు అమ్మకందారులు చెరో 100 వస్తువులు అమ్మారనుకోండి. ఒకరికి 62 మంది రేటింగ్ ఇచ్చారు, అన్నీ మంచివే. ఇంకొకరికి 28 మంది ఇచ్చారు, అన్నీ మంచివే. ప్రొఫైల్‌లో ఇద్దరిదీ 100 శాతం. కానీ రెండో మనిషి దగ్గర కొన్న 72 మంది ఎందుకు నోరు విప్పలేదు? కొందరికి తీరిక లేకపోవచ్చు, బద్ధకం కావచ్చు. అయితే తీరిక లేనివాళ్ళు మొదటాయన దగ్గరా ఉంటారు కదా. ఆ తేడాలో కొంత భాగం ‘మంచి మాట రాదు, చెడ్డ మాట ఎందుకులే’ అనుకున్నవాళ్ళు. మంచి రేటింగులను వచ్చిన రేటింగులతో కాకుండా మొత్తం అమ్మకాలతో భాగిస్తే వచ్చే అంకె, ప్రొఫైల్‌లోని శాతం కన్నా అమ్మకందారు తీరును చాలా బాగా పట్టి ఇచ్చింది. అలా చూస్తే మెరుగ్గా ఉన్నవాళ్ళను వెతుకులాటలో పైకి తెచ్చి చూపినప్పుడు, కొన్నవాళ్ళు మళ్ళీ సైటుకు రావడం పెరిగింది.

ఇందులోనే ఇంకో సంగతి బయటపడింది. చెడు అనుభవం ఎదురైన కొనుగోలుదారు ఆ అమ్మకందారు మీద కోపం చూపించడు. మొత్తం సైటునే వదిలేసి పోతాడు. ఒకడు చేసిన నిర్వాకానికి మిగతా నిజాయితీపరులందరూ ఒక గిరాకీ పోగొట్టుకుంటారు. తప్పు చేసినవాడి ప్రొఫైల్ మాత్రం పచ్చగానే ఉంటుంది.

అరుదుగా పడే మైనస్ అందుకే అంత గట్టిగా తగులుతుంది. లూయిస్ కాబ్రాల్, అలీ హోర్టాచ్సు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి 5 శాతం చొప్పున పెరుగుతున్న అమ్మకాలు మొదటి చెడ్డ రేటింగ్ పడగానే వారానికి 8 శాతం చొప్పున తగ్గడం మొదలుపెట్టాయి. రెండోది, మూడోది మొదటిదానికన్నా త్వరగా వచ్చిపడ్డాయి, కానీ వాటి దెబ్బ అంత లేదు. ఎలాగూ మచ్చ పడిందని అమ్మకందారు పట్టించుకోవడం మానేస్తాడన్నది ఒక వివరణ. దుకాణం కట్టేసి వెళ్ళిపోయేముందు అమ్మకందారులకు చెడ్డ రేటింగులు గుంపుగా వచ్చిపడటం కూడా వాళ్ళు గమనించారు. కూడబెట్టిన పేరును ఆఖర్లో ఒక్కసారిగా ఖర్చుపెట్టేసి పోవడమన్నమాట.

పేరును కూడబెట్టకుండా తయారుచేసుకునేవాళ్ళూ ఉన్నారు. ఒక సెంటుకు ఈ-బుక్కులు వందల కొద్దీ కొని అమ్మి, పాయింట్లు వచ్చాక బంగారు నాణేలు వేలానికి పెట్టడం పాత ఎత్తు. చైనాలోని తావోబావో అనే అమ్మకాల సైటులో ఉత్తుత్తి ఆర్డర్లు పెట్టించి, ఖాళీ పార్సిళ్ళు పంపి, తమకు తామే పొగడ్తలు రాయించుకోవడం ఒక చిన్న పరిశ్రమే అయింది. అన్నిటికన్నా ప్రసిద్ధమైన కేసు 2000 మేలో జరిగింది. పిల్లాడి బొమ్మబండి తగిలి చిల్లిపడిందంటూ ఈబేలో 25 సెంట్లకు పెట్టిన ఒక పాత పెయింటింగ్, 1,35,805 డాలర్ల దాకా వెళ్ళింది. చిత్రకారుడు రిచర్డ్ డీబెన్‌కోర్న్ గీసిందేమోనని జనం ఎగబడ్డారు. పెట్టినాయన ఆ పేరు ఎక్కడా చెప్పలేదు, పొడి అక్షరాలు మాత్రం ఫొటోలో కనబడేలా చూశాడు. తీరా చూస్తే తన వస్తువుకు తనే మరో పేరుతో పాట పెంచాడు. ఈబే ఆ అమ్మకాన్ని రద్దు చేసింది. దర్యాప్తులో ముగ్గురు మిత్రులు పదుల కొద్దీ మారుపేర్లతో ఒకరికొకరు దొంగ పాటలు పాడుకుంటూ, ఒకరినొకరు మెచ్చుకుంటూ రేటింగులు ఇచ్చుకున్నారని తేలింది. ఒకరి వీపు ఒకరు గోక్కోవడానికి ఆ బోర్డే వేదికయింది.

స్కోర్ల మీద ఆధారపడటం క్రమంగా తగ్గడానికి ఇవన్నీ కారణాలే. తావోబావోను నడిపే అలీబాబా సంస్థ 2004లో అలీపే అనే చెల్లింపుల సేవ మొదలుపెట్టి కొన్నవాడి డబ్బు తన దగ్గరే ఉంచుకుని, వస్తువు అందిందని చెప్పాకే అమ్మినవాడికి ఇచ్చింది. ముందు ఎవరు చెయ్యి చాపాలన్న పాత తగువు దానితో తీరింది. ఈబే కూడా వస్తువు చెప్పినట్టు లేకపోతే డబ్బు వాపసు అన్న హామీ తెచ్చింది. ఇలాంటి ఏర్పాటులో అమ్మకందారు గుణం కన్నా అతను రాసిన వివరణకు బరువెక్కువ. కెమెరా కొన్నాయన ఇప్పుడైతే ‘లెన్సు శుభ్రంగా ఉంది’ అన్న వాక్యాన్ని, ఫంగస్ ఫొటోని పక్కపక్కన పెట్టి డబ్బు అడగగలడు. మోసం కూడా అటు నుంచి ఇటు జరిగింది. మంచి కెమెరా ఉంచుకుని పాడైనది తిప్పి పంపేవాళ్ళతో అమ్మకందారులకు ఇప్పుడు టెన్షన్.

మాట్లాడనివాళ్ళ మనసు తెలుసుకునే పని మాత్రం ఆగలేదు. టాడెలిస్, డిమిట్రీ మాస్టెరోవ్, ఉవె మాయర్ ఈబేలో కొన్నవాళ్ళు అమ్మినవాళ్ళకు పంపుకున్న మెసేజ్‌లను పరిశీలించారు. పాట ముగిశాక వచ్చిన మెసేజ్‌లో చిరాకు కనిపిస్తే, ఆ లావాదేవీ చెడిందని ముందే పసిగట్టవచ్చని, రేటింగ్ చెప్పని సంగతులు అక్కడ దొరుకుతున్నాయని తేల్చారు. పదిమందికీ కనబడే బోర్డు మీద రాయనిది మనిషి చాటుగా అడుగుతాడు. “పంపించారా అండీ?” అని ఒకసారి. నాలుగు రోజులాగి “ట్రాకింగ్ నంబరు పనిచేయడం లేదు” అని ఇంకోసారి. ఆ తర్వాత “ఏమైనా చెప్పండి ప్లీజ్”. పదకొండో రోజున పార్సిల్ వస్తుంది. అప్పుడు అదే మనిషి ప్రొఫైల్ పేజీకి వెళ్ళి, ఆకుపచ్చ ప్లస్ నొక్కి, వస్తువు చివరికి అందింది, థాంక్స్ అని రాస్తాడు.